180 పరుగెత్తిన రైలు 130కే ఎందుకు నడుస్తోంది?

మీరు అడిగినది మూడు ప్రశ్నలు. ట్రయల్స్‌లో గంటకు 180 కిలోమీటర్లు అందుకుందని పేపర్లలో చదివిన వందే భారత్‌లో మీరు సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్తే, ఫోన్‌లో జీపీఎస్ ఎక్కడా 130 దాటి చూపించలేదు. అలాంటప్పుడు ఆ 180 వట్టి ప్రచారమేనా అన్నది మొదటిది. కొత్త రైలు డ్రాయింగు దశ నుంచి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేలోగా ఏమేం జరుగుతుందన్నది రెండోది. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకీ దీనికీ తేడా ఏమిటన్నది మూడోది. రైలు పెట్టెల పరీక్షల పనిలోనే ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిపి రిటైరైనవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందుగా సూటి జవాబు: 180 అబద్ధం కాదు, 130 మోసమూ కాదు. మొదటి అంకె రైలుకు ఉన్న శక్తిని చెబుతుంది, రెండోది ఆ దారి ఎంతవరకు ఒప్పుకుంటుందో చెబుతుంది.

రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిదానికి జవాబు సులువవుతుంది. చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, అంటే ఐసీఎఫ్, 1955 నుంచి పెట్టెలు తయారుచేస్తోంది. అయితే ఆ పెట్టెల్లో అత్యధిక భాగం ఇంజను లాగితే కదిలేవే. ఇంజను అక్కర్లేకుండా, లోకల్ రైళ్ళ మాదిరిగా మోటార్లు పెట్టెల కిందే ఉండే దూరప్రయాణపు రైలును ఇక్కడే తయారుచేయాలన్న ఆలోచన అప్పటి జనరల్ మేనేజర్ సుధాంశు మణి హయాంలో పట్టాలెక్కింది. సుమారు 18 నెలల్లో, దాదాపు 100 కోట్ల రూపాయల ఖర్చుతో, 16 పెట్టెల మొదటి రేకు, అంటే పూర్తి రైలు సెట్టు, 2018 అక్టోబరు చివర్లో ఫ్యాక్టరీ గేటు దాటింది. 2018లో వచ్చింది కాబట్టి ట్రైన్ 18 అన్నారు. 2019 జనవరిలో వందే భారత్ అని పేరు మార్చారు. మన పాఠకులకు చెప్పవలసిన సంగతి ఒకటుంది: ఆ రైలును కదిలించే విద్యుత్ పరికరాల వ్యవస్థ హైదరాబాదులోని మేధా సర్వో డ్రైవ్స్ నుంచి వెళ్ళింది.

మోటార్లను పెట్టెల కిందికి పంచడం వల్ల కలిగే లాభం ఏమిటో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఈ రైలు అసలు గొప్పతనం గరిష్ఠ వేగంలో కన్నా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ఇంజనుకు ఉన్న ఆరు ఇరుసుల చక్రాలే పట్టాను పట్టుకుని మొత్తం రైలును ముందుకు లాగాలి. ఇంజనులో ఎన్ని హార్స్‌పవర్లున్నా, ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారకుండా ఎంత బలం చూపగలదన్న దానికి ఒక హద్దు ఉంటుంది. ట్రైన్ 18లో నాలుగేసి పెట్టెల యూనిట్లు నాలుగు కలిసి ఒక రేకు అవుతాయి. మొత్తం 64 ఇరుసుల్లో సగం, అంటే 32 ఇరుసులకు మోటార్లుంటాయి. బరువైన బండిని ఒక్కడే లాగడానికీ, నలుగురూ తలో చెయ్యి వేయడానికీ ఉన్న తేడా ఇది. అందుకే స్టేషను నుంచి బయల్దేరగానే మీకు వెన్ను సీటుకు ఆనినట్టు అనిపిస్తుంది కాని, పాత రైళ్ళలోలా కప్లింగులు ఒకదాన్నొకటి లాగే కుదుపు తెలియదు. 2022 సెప్టెంబరులో వచ్చిన రెండో తరం రేకు 430 టన్నుల నుంచి 392 టన్నులకు తగ్గి, సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగాన్ని 52 సెకన్లలో అందుకుంటుంది. రెండు చివరలా డ్రైవర్ క్యాబిన్ ఉండటం మరో సౌకర్యం. విశాఖ స్టేషనులో దారి ముగుస్తుంది కాబట్టి అక్కడికి వచ్చి ముందుకు సాగే రైళ్ళన్నీ ఇంజనును రెండో వైపుకు మార్చుకోవాలి. వందే భారత్‌లో లోకో పైలట్ ఈ చివర దిగి ఆ చివర ఎక్కితే సరిపోతుంది.

ఇక పరీక్షలు. రేకు ఫ్యాక్టరీ బయటికి రాగానే ప్రయాణికులను ఎక్కించుకోవడం కుదరదు. పెట్టె చట్రాన్ని రెండు చివరల నుంచీ నొక్కి బలం చూడటం, చక్రాల చట్రాన్ని యంత్రం మీద బిగించి లక్షలసార్లు బరువు వేసి తీసి అలసట చూడటం వంటివి అంతకుముందే ముగుస్తాయి. ఆ తర్వాత లక్నోలోని పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ బృందం రేకును తీసుకుంటుంది. వీటిలో ముఖ్యమైనది ఆసిలేషన్ ట్రయల్, అంటే ఊగిసలాట పరీక్ష. చక్రాల చట్రం పెట్టెకు తగులుకునే చోటికి సరిగ్గా పైన, పెట్టె లోపలి నేల మీద, కుదుపును కొలిచే చిన్న పరికరాలు బిగిస్తారు. సీట్లలో మనుషుల బరువుకు సమానంగా ఇసుక మూటలు పెడతారు. ముందు ఖాళీ రైలుతోనూ, ఆ తర్వాత మూటలతోనూ, అదే దారిలో మళ్ళీ మళ్ళీ నడుపుతూ వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచుతారు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, తిన్నటి దారిలో, వంపుల్లో, స్టేషను యార్డులో పట్టాలు విడిపోయే పాయింట్ల మీద, వంతెన ఎక్కేచోట పక్కకు ఎంత ఊగింది, పైకీ కిందికీ ఎంత ఎగిరింది అన్న రికార్డు మొత్తం చూసి సంతకాలు పెడితేగాని తర్వాతి మెట్టుకు పోరు. బయటివాళ్ళకు ఇది విసుగు పుట్టించే పని. లోపల కూర్చున్న మాకు మాత్రం ఒక్కొక్క పాయింటు మీద రికార్డులోని గీత ఎంత ఎత్తుకు లేచిందో చూడటంలోనే ప్రాణాలుండేవి.

ఏ వేగంతో సర్వీసు నడపదలిచారో దానికన్నా సుమారు పది శాతం ఎక్కువ వేగంతో పరీక్షించడం ఆనవాయితీ. ఈ రైలును 160తో నడపాలన్నది లక్ష్యం కాబట్టి పరీక్ష 176 దాటాలి. 2018 డిసెంబరులో కోటా–సవాయ్ మాధోపూర్ సెక్షనులో అది 180 తాకడం వెనక కథ ఇదే. అంటే 180 అన్నది సర్వీసు వేగంగా ఇచ్చిన హామీ కాదు, 160కి పెట్టుకున్న భద్రతా జాగా. పత్రికల్లో ఈ తేడా చెప్పి ఉంటే మీ ప్రశ్నలో సగం పుట్టేదే కాదు.

ఊగిసలాటతో పాటు అత్యవసర బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో పొడి పట్టాల మీదా తడి పట్టాల మీదా కొలుస్తారు. బయటివాళ్ళకు తెలియని మరో పరీక్ష ఉంది. మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పరికరాలు పట్టాల్లోకి చిన్న చిన్న చెదురు కరెంట్లు వదులుతాయి. రైలు ఎక్కడుందో గుర్తించే సిగ్నల్ సర్క్యూట్లు కూడా ఆ పట్టాల మీదే ఆధారపడి ఉంటాయి. ఈ కరెంటు వాటిని తికమక పెడితే, రైలున్న చోట లేదని సిగ్నల్ భ్రమపడే ప్రమాదం ఉంది. అందుకని ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత చెదురు కరెంటు వస్తోందో కొలిచి, హద్దులోనే ఉందని తేలిన తర్వాతే ముందుకు వెళ్తారు. ఇవన్నీ గడిచాక ఫైలు రైల్వే సేఫ్టీ కమిషనర్ దగ్గరికి పోతుంది. ఈ కమిషన్ రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉండటం యాదృచ్ఛికం కాదు. రైలు నడిపేవాళ్ళ కింద పనిచేసేవాడు ఆ రైలుకు అడ్డు చెప్పలేడు కాబట్టే అలా పెట్టారు.

ఇన్ని పరీక్షలు దాటినా మొదటి నెలల్లో తలనొప్పులు తప్పవు. 2019 ఫిబ్రవరి 15న ప్రధాని జెండా ఊపిన ఢిల్లీ–వారణాసి రైలు, మర్నాడు తిరుగు ప్రయాణంలో తుండ్లా దగ్గర ఆగిపోయింది. పశువును గుద్దడం కారణం కావచ్చని రైల్వే అప్పట్లో చెప్పింది. 17 నుంచి ప్రయాణికులతో మామూలుగా నడిచింది. 2022 అక్టోబరు 6న గాంధీనగర్–ముంబయి రైలు గేదెలను గుద్దినప్పుడు ముందరి ముక్కు పగిలిన ఫోటోలు చూసి చాలామంది నవ్వారు. ఆ ముక్కు గ్లాస్ ఫైబరుతో చేసినది. దెబ్బ తాను తిని, వెనకున్న ఉక్కు చట్రానికి తగలకుండా చూడటమే దాని పని, రాత్రికి రాత్రి మార్చి మర్నాడు రైలు నడిపారు. నవ్వవలసింది ముక్కును చూసి కాదు, 130 వేగంతో రైలు పోయే దారిలోకి గేదెలు నడిచి రాగలగడాన్ని చూసి. ఆ తర్వాతే ఆ మార్గంలో కంచె పని ఊపందుకుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. దారి వేగాన్ని పట్టి ఉంచేవి ప్రధానంగా వంపు, సిగ్నలు, గేటు.

వంపు దగ్గర బయటి పట్టాను లోపలి పట్టాకన్నా ఎత్తుగా వేస్తారు. దీన్ని క్యాంట్ అంటారు. మన బ్రాడ్‌గేజ్ ప్రధాన మార్గాల్లో ఇది 165 మిల్లీమీటర్లకు మించదు. వేగం ఇంకా పెరిగితే ఆ ఎత్తు చాలక మనిషి బయటికి తోసినట్టు అనుభవిస్తాడు. ఆ లోటు 100 మిల్లీమీటర్ల వరకు ఫర్వాలేదన్నది నిబంధన. ఈ రెండు హద్దులనూ అంచు దాకా వాడుకున్నా, 875 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో, అంటే పట్టాల పని చూసే పర్మనెంట్ వే మేస్త్రీలు రెండు డిగ్రీల వంపు అనే చోట, లెక్క 130 దగ్గర ఆగుతుంది. చిక్కు ఇంతటితో పోదు. అదే పట్టాల మీద గూడ్సు 65తో పోతుంది. నెమ్మదిగా పోయే బరువైన గూడ్సుకు అంత ఎత్తు అక్కర్లేదు, పైగా దాని బరువంతా లోపలి పట్టా మీద ఒరిగి దాన్ని అరగదీస్తుంది. గూడ్సును దృష్టిలో పెట్టుకుని ఎత్తును 140 ప్రాంతానికి తగ్గిస్తే, ప్రయాణికుల రైలు వేగం 125కు కూడా చేరదు. అక్కడే 160 కావాలంటే వంపు వ్యాసార్ధం 1,300 మీటర్లు దాటాలి, అంటే పట్టాలను పక్కకు జరపాలి, అంటే పొలాలూ ఇళ్ళూ సేకరించాలి. రైలును ఎంత మంచిగా తయారుచేసినా ఈ లెక్క మారదు. వంపులో లోపలికి వాలే రైలైతే కొంత లాభం ఉంటుంది. 2016లో స్పెయిన్ నుంచి వచ్చిన టాల్గో పెట్టెలను ఢిల్లీ–ముంబయి మధ్య నడిపి చూసినప్పుడు అవి 12 గంటల లోపు చేరడానికి ఆ గుణమే ఒక కారణం. కాని వందే భారత్ అలాంటిది కాదు.

సిగ్నల్ విషయం దీనికన్నా గట్టిది. వేగం 130 నుంచి 160కి పెరిగితే రైలులో దాగిన శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది, 180కి పెరిగితే దాదాపు రెండింతలు. ఆగడానికి కావలసిన దూరం కూడా అదే దామాషాలో పెరుగుతుంది. స్టేషనులోకి రైలును అనుమతించే హోమ్ సిగ్నలుకు 2 కిలోమీటర్ల ముందు ఒకటి, కిలోమీటరు ముందు మరొకటి హెచ్చరిక సిగ్నళ్ళు ఉంటాయి. ఆ 2 కిలోమీటర్లు 130 వేగంలో 55 సెకన్ల దూరం, 160లో 45 సెకన్లు, 180లో 40 సెకన్లు. పొగమంచులోనో కుండపోత వానలోనో దారి పక్క దీపాన్ని కంటితో చూసి, అర్థం చేసుకుని బ్రేకు వేయడమనే పద్ధతి 160 పైన అంత నమ్మదగ్గది కాదు కాబట్టి, చాలా దేశాల్లో అంతకుమించిన వేగాలకు సిగ్నలును క్యాబిన్ లోపల తెర మీద చూపే ఏర్పాటు ఉంటుంది. మన దగ్గర ఆ పని చేసేది కవచ్. డ్రైవర్ ఎర్ర సిగ్నలు దాటబోతే అదే బ్రేకు వేస్తుంది. దీని తొలి ప్రయోగాలు చాలావరకు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్గిద్ద మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చుని చూసిన ప్రదర్శన మీకు గుర్తుండవచ్చు. దారి పొడవునా టవర్లు, స్టేషన్లలో పరికరాలు, ప్రతి ఇంజనులో దాని పరికరం, ఇవన్నీ సిద్ధమైతేగాని అది పనికిరాదు; అందుకే నెమ్మదిగా సాగుతోంది.

గేటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 130 దాటి నడపాలంటే దారికి రెండు వైపులా కంచె గాని గోడ గాని తప్పనిసరి. లెవెల్ క్రాసింగ్ గేట్ల చోట వంతెనలు కట్టాలి. ఊరి పక్కన గోడ కడితే అవతలి చేలోకి వెళ్ళే రైతు తిరిగి వెళ్ళవలసిన దూరం గురించి కూడా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

సికింద్రాబాద్–కాజీపేట, కాజీపేట–కొండపల్లి, విజయవాడ–గూడూరు వంటి సెక్షన్లలో 130కి అనుమతి వచ్చిందే 2022 సెప్టెంబరులో. దేశంలో అప్పటికి 160కి అనుమతి ఉన్నది ఢిల్లీ–ఆగ్రా మధ్య వంటి కొద్దిచోట్లే. 2016లో గతిమాన్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది అక్కడే. 2023 జనవరి 15న, సంక్రాంతి నాడు, మీ రైలు మొదలైనప్పుడు దారి స్థితి ఇది. సుమారు 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు, అంటే సగటున 82.

ఇక్కడ ఒక లెక్క చేసి చూపిస్తాను, ఎందుకంటే గరిష్ఠ వేగం మీద ఉన్న మోజు వల్ల అసలు సంగతి మరుగున పడుతోంది. 100 కిలోమీటర్ల దారిని 130 నుంచి 160కి పెంచితే, వంపులు సరిచేసి, గోడలు కట్టి, సిగ్నళ్ళు మార్చి, అంత ఖర్చూ పెడితే, మిగిలేది 9 నిమిషాలకు కొంచెం తక్కువ. ఇంకోవైపు, ఎక్కడో మూడో లైను పనుల వల్లనో బలహీనమైన వంతెన వల్లనో ఒక కిలోమీటరు మేర 30కి తగ్గించాలని కాషన్ ఆర్డర్ ఉందనుకోండి. 16 పెట్టెల రేకు పొడవు 384 మీటర్లు. చివరి పెట్టె కూడా దాటేదాకా వేగం పెంచకూడదు. తగ్గడానికీ, పాకడానికీ, మళ్ళీ అందుకోవడానికీ కలిపి దాదాపు 3 నిమిషాలు పోతాయి. ఇంజను లాగే రైలుకైతే ఇంకా ఎక్కువ. అలాంటివి మూడు తీసేస్తే, 100 కిలోమీటర్లకు 160 తెచ్చినంత లాభం, అందులో ఎన్నో వంతు ఖర్చుతో. ఉద్యోగంలో ఉన్నప్పుడు సమావేశాల్లో నేను ఈ మాట అంటే, రిబ్బను కత్తిరించడానికి ఇందులో ఏముందని ఒక పెద్దాయన నవ్వారు. అది నిజమే కూడా.

సమాచార హక్కు కింద రైల్వే మంత్రిత్వ శాఖ ఇచ్చిన జవాబు ప్రకారం వందే భారత్ రైళ్ళ సగటు వేగం 2020–21లో 84.48 కిలోమీటర్లు, 2023–24లో 76.25. రైలు చెడిపోలేదు, పైగా తేలికైంది. కాని తొలి రెండు రైళ్ళు మంచి దారుల్లో నడిచాయి; ఆ తర్వాత వచ్చినవి కొండలూ ఒంటి లైన్లూ ఉన్న దారులకు కూడా వెళ్ళాయి. సికింద్రాబాద్–తిరుపతి రైలు మొదలైన 2023 ఏప్రిల్ నాటికి బీబీనగర్–గుంటూరు మధ్య ఒకే లైను. ఎదురుగా వచ్చే రైలు కోసం ఏదో ఒక రైలు స్టేషనులోని పక్క లైనులో, అంటే లూప్ లైనులో, నిలబడవలసిందే. ఆ చోట గరిష్ఠ వేగం 130 ఉన్నా 180 ఉన్నా రెండో లైనుకు సాటి రాదు.

అలాగని ఈ రైలు తయారీ వృథా అనను. వంపు దాటగానే, స్టేషను వదలగానే, కాషన్ ముగియగానే వేగాన్ని తిరిగి అందుకునే గుణం ఇలాంటి దారికే ఎక్కువ అవసరం, ఆ గుణం ఈ రైలులో పుష్కలంగా ఉంది. నా అభ్యంతరం మరొక చోట. మొదటి రెండు రేకులు 2019లో తిరగడం మొదలుపెట్టాక, టెండర్ల రద్దుల మధ్య మూడోది సర్వీసులోకి రావడానికి 2022 సెప్టెంబరు దాకా పట్టింది. 44 రేకుల టెండరును 2020లో రద్దు చేసి మళ్ళీ పిలిచి, 2021 జనవరిలో మేధాకే ఇచ్చారు. కొత్త రైలుకు తొలి రెండు మూడేళ్ళ అనుభవం నుంచి నేర్చుకుని దిద్దుకోవడం ప్రాణం. ఆ కాలం కాగితాల్లో గడిచిపోయింది.

చివరి ప్రశ్న. బుల్లెట్ రైలు అన్నది వందే భారత్‌కు పెద్దన్న కాదు, వేరే వంశం. అంతర్జాతీయ రైల్వే సమాఖ్య లెక్కలో హైస్పీడ్ అంటే కొత్త దారి మీద 250, సరిచేసిన పాత దారి మీద 200. ఆ కొలతలో వందే భారత్ సెమీ హైస్పీడే. జపాన్ 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకా మధ్య 515 కిలోమీటర్ల దారిలో 210 వేగంతో షింకాన్‌సెన్‌ను నడిపినప్పుడు, అసలు తెగువ రైలులో కన్నా దారిలో ఉంది. పాత మీటరు చిల్లర వెడల్పు పట్టాలను వదిలేసి 1,435 మిల్లీమీటర్ల కొత్త లైను వేశారు, గేటు అన్నది లేకుండా చేశారు, వంపుల వ్యాసార్ధాన్ని 2,500 మీటర్లకు తగ్గనివ్వలేదు, గూడ్సును ఆ దారిలోకి రానివ్వలేదు. పైన చెప్పిన చిక్కులన్నీ ఒక్కసారిగా తొలగించుకున్నారు. ముంబయి–అహ్మదాబాద్ 508 కిలోమీటర్ల దారి కూడా అదే పద్ధతి: స్టాండర్డ్ గేజ్, చాలా భాగం స్తంభాల మీద, 320 వేగానికి.

ఆ దారి కోసం 280 డిజైన్ వేగంతో ఎనిమిదేసి పెట్టెల రెండు రేకులను తయారుచేసే పని 2024 అక్టోబరులో ఐసీఎఫ్ ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్‌కు అప్పగించింది. ఒప్పందం విలువ సుమారు 867 కోట్లు, పెట్టె ఒక్కింటికి దాదాపు 28 కోట్లు. ట్రైన్ 18లో పెట్టెకు పడిన ఖర్చు ఆరు కోట్ల చిల్లర అని గుర్తుంచుకుంటే, 160 నుంచి 280కి వెళ్ళడం ఎంత పెద్ద ఎగురో తెలుస్తుంది. గాలి ఒత్తిడిని తట్టుకునేలా మూసుకునే పెట్టె శరీరం, సొరంగంలోకి దూరినప్పుడు చెవులు దిబ్బడ పడకుండా చూసే ఏర్పాటు, చక్రాల చట్రం అడ్డంగా వణకడం మొదలుపెట్టకుండా అణచే డ్యాంపర్లు, ఇవన్నీ ఆ వేగంలో కొత్తగా నేర్చుకోవలసిన పాఠాలు. అది పట్టాల మీదికి వచ్చినప్పుడు పేపర్లో ఏ అంకె వచ్చినా, అది డిజైన్ వేగమా, ట్రయల్ వేగమా, టైంటేబుల్లో నడిపే వేగమా అని ముందు చూడండి. మీ విశాఖ ప్రయాణం త్వరగా ముగియాలంటే మాత్రం ఆ రైలు కోసం ఎదురుచూడనక్కర్లేదు; కాజీపేట–విజయవాడ మూడో లైను పూర్తయి, ఆ పనుల కాషన్లు ఎత్తేసి, గూడ్సులు పక్కకు తప్పుకున్న రోజున ఇదే రైలు, ఇదే 130తోనే, టైంటేబుల్లో కొన్ని నిమిషాలు తగ్గించుకోగలదు.